భయం పదికి ఎంత?

ఉక్కునగరం,
ఏప్రిల్ 16

సింహాద్రి బావకి,

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమిటని కంగారు పడకు. అందరం క్షేమం. నీ చెవిలో ఉప్పునీళ్లు పోయినప్పటి నుంచి నీ ఫోను స్పీకరు మీదే ఉంటోంది. నేను అన్న ప్రతి మాటా మీ వీధి వీధంతా వింటోంది. పోయిన నెల నా మొలల సంగతి నీకొక్కడికే చెప్పుకున్నాను. మర్నాడు మీ గంగాలమ్మ మా ప్రేమలీలకి ఫోను చేసి, అన్నయ్యకి మజ్జిగ పట్టించమంది. అందుకే ఈ కాగితం.

మే నెలాఖరున నా రిటైర్మెంటు. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, అదంతా భరిస్తాను. ఆ తర్వాత "యోహాన్ గారు రెండు మాటలు మాట్లాడతారు" అంటారు. అక్కడే నాకు చెమటలు. ముప్పై నాలుగేళ్లు అరవై అడుగుల ఎత్తున క్రేన్ కేబిన్లో ఒక్కణ్ణే కూర్చున్నవాణ్ణి. కింద సిగ్నల్‌మాన్ చెయ్యి ఊపితే నేను లివరు తిప్పేవాణ్ణి. నోరు తెరిచే పనే లేదు. పోయిన క్రిస్మస్‌కి చర్చిలో వాక్యం చదవమంటే, పేజీ వంక చూస్తూ రెండు నిమిషాలు నిలబడి, "ఆమెన్" అని దిగిపోయాను. ఇప్పటికీ పిల్లలు నన్ను చూస్తే ఆమెన్ అంటారు.

మా చర్చి నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. ఫెబా అని మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి పెట్టింది. మనసులో భయాన్ని తలుచుకుంటూ కళ్లు ఒక పద్ధతిలో కదిపితే ఆ భయం తగ్గుతుందా, తగ్గదా అని పరీక్షిస్తోందట. వారానికి ఒకసారి, ఆరు వారాలు. నేను పేరిచ్చాను. నీ పేరు కూడా ఇచ్చాను.

తిట్టకు. పోయిన అక్టోబరులో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మీ పడవ తిరగబడిన రోజు నుంచి నువ్వు నీళ్లలో కాలు పెట్టలేదు. ఎవరడిగినా మోటారు రిపేరంటున్నావు. విమానం మోటారు కూడా ఈపాటికి బాగుపడేది. నిన్నటి నుంచి వేట నిషేధం కాబట్టి రెండు నెలలు నిన్నెవరూ అడగరు. జూన్ పదిహేనున అందరి పడవలూ దిగుతాయి. ఆ రోజు ఏం చెబుతావు?

నీ
యోహాన్


భీమిలి,
ఏప్రిల్ 25

యోహాన్ బావకి,

నాకే భయమూ లేదు. మోటారే బాగాలేదు. ఇది ముందు రాసి పెట్టుకో.

మీ ఫెబా ఫోను చేసింది. నువ్వన్నట్టు స్పీకరు మీదే ఉంది. గంగాలమ్మ వినేసి, "ఎల్లు మావా, మందూ మాకూ లేదు, కళ్లు తిప్పడవే గదా, ఊళ్లో ఎవుల్ని సూసినా తిప్పుతునే ఉంతావు" అంది. ఆవిడ నోటికి జడిసి తగరపువలస వెళ్లి బస్సెక్కాను.

చిన్న గది. తెల్ల గోడ మీద నల్లచుక్క ఒకటి. ఆ అమ్మాయి మంచిదే. పడవ తిరగబడిన సంగతి తలుచుకుంటూ ఆ చుక్కనే చూడమంది. చూస్తూ ఉంటే, "ఇప్పుడు భయం పదికి ఎంత?" అనడిగింది. మూడన్నాను. ఆమె నా చేతుల వంక చూసింది. కుర్చీ విరిగేలా పట్టుకుని ఉన్నాను. సరే నాలుగు వేసుకో అన్నాను. ఆమె నవ్వి, "బేరం కాదు బాబాయ్, ఎంతుంటే అంతే చెప్పండి" అంది. ఎనిమిది అన్నాను. ఆమె ఎనిమిదే రాసుకుంది.

ఎలా తిరగబడిందో చెప్పమంది. మొగ దాటుతుంటే మోటారు ప్లగ్గు పోయి ఆగిపోయిందని చెప్పాను. అంతే. నీకేం చేస్తోంది?

సింహాద్రి


ఉక్కునగరం,
మే 2

సింహాద్రి బావకి,

చుక్కేమిటి? నాకు చుక్క లేదే!

నాకు లైటు. బారెడు పట్టీ మీద పచ్చ దీపం కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి పరిగెడుతుంది. తల కదపకుండా కళ్లతో దాన్ని పట్టుకోవాలి. ఆ పట్టుకుంటూనే మైకు ముందు నిలబడ్డట్టు ఊహించుకోవాలి. మొదటి రోజు ఆ లైటు పాడైంది. ఫెబా తన రెండు వేళ్లు ఊపుతానంది. అదే కొంప ముంచింది. ఎదుట ఎవరైనా చెయ్యి ఊపితే నా చేతులు ఆగవు కదా. కుడిచెయ్యి లివరు లాగేసింది. అక్కడ లివరు లేదు, టీ గ్లాసుంది. ఫెబా ఫైళ్లన్నీ టీమయం.

మన ఇద్దరికీ వేరు వేరు ఎందుకు చేస్తోందో తెలియలేదు. ఆమె ఇచ్చిన కాగితంలో ఉందేమో. సంతకం పెట్టిన రోజు నేను కళ్లజోడు తీసుకెళ్లలేదు. కళ్ల పరీక్షకి కళ్లజోడు మరిచి వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఒకటి మాత్రం నోటితో చెప్పింది. ఇక్కడ జరిగేది ఇంకొకరితో మాట్లాడవద్దని. మనం మాట్లాడటం లేదులే, రాసుకుంటున్నాం.

నా లెక్క తొమ్మిదితో మొదలై ఎనిమిది దగ్గర కూర్చుంది. కదలనంటోంది.

యోహాన్


భీమిలి,
మే 10

బావా,

ఇదన్యాయం. నీకు లైటు, నాకు చుక్కా? సంతలో నీకు వంజరం చేప ఇచ్చి, నాకు దాని తోక ఇచ్చినట్టుంది. చదువుకున్న పిల్ల అని ఊరుకున్నాను.

నా వైద్యం నేనే మొదలుపెట్టాను. సాయంత్రం అన్నం తిన్నాక గంగాలమ్మని ఎదురుగా కూర్చోబెట్టి టార్చిలైటు ఇచ్చి, అటూ ఇటూ ఊపమన్నాను. పది సార్లు ఊపి, "నా సెయ్యి పీకుతంది. ఆ పిల్లంటే సదువు కోసం ఊపుతంది, నాకేటి?" అని లేచిపోయింది. ఆ పదిసార్లకీ మా పిల్లి గోడ మీద వెలుగు వెంట పరిగెత్తి పరిగెత్తి సొమ్మసిల్లి పడుకుంది. దాని భయం పదికి సున్నా అయ్యుంటుంది. నాది అలాగే ఉంది.

నీకొక రహస్యం చెప్పనా? చుక్కనే చూడమంటుంది గానీ నేను దాన్నొక్కదాన్నీ చూడటం లేదు. నా వల్ల కాదు. సముద్రం మీద ఒక్క గుర్తు పెట్టుకుంటే నువ్వెక్కడున్నావో తెలియదు. రెండు కావాలి. దూరంగా పావురాళ్లకొండ కొన, దాని ముందు ఒడ్డున తాడిచెట్టు. ఆ రెండూ ఒక గీతలోకి వస్తే కింద లోతు ఉన్నట్టు, మొగలోకి దారి ఉన్నట్టు. తప్పితే ఇసుక మేట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నా కళ్లకి అదే అలవాటు. అందుకని ఆమె చుక్క చూడమన్నప్పుడల్లా చుక్కని ఒకసారి, పక్కన కిటికీ ఊచని ఒకసారి చూసుకుంటున్నాను. అటూ ఇటూ. ఆమె నా వెనక కూర్చుని రాసుకుంటుంది కాబట్టి నా కళ్లు ఆమెకి కనబడవు. ఈ వారం ఆరున్నర అన్నాను. నిజంగానే ఆరున్నర.

అయితే పడవ పల్టీ కొట్టే దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఎనిమిదికి ఎగబాకుతోంది. పెట్రోలు అయిపోయి మోటారు ఆగిందని ఆమెకి ప్రతిసారీ గబగబా చెప్పేసి దాటేస్తున్నాను.

సింహాద్రి


ఉక్కునగరం,
మే 18

సింహాద్రి బావకి,

నవ్వి నవ్వి ప్రేమలీల చేత చీవాట్లు తిన్నాను. నిన్ను కదలకుండా కూర్చోబెట్టిన చోట నువ్వు కళ్లు తిప్పుతున్నావు. ఆ పిల్ల పరిశోధన గంగలో కలిసింది బావా. మనం ఒప్పుకోవాలి.

ఇంకొక మాట. నవ్వుతూ రాయలేను కాబట్టి మామూలుగా రాస్తాను. నీ ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఏప్రిల్‌లో ప్లగ్గు పోయిందన్నావు. మేలో పెట్రోలు అయిపోయిందన్నావు. పోయిన డిసెంబరులో మా ఇంటికొచ్చినప్పుడు మోటారు ఫ్యానుకి వల చుట్టుకుందన్నావు. నాది క్రేను పని. ఒక బరువు ఎందుకు జారిందో మూడు రకాలుగా చెబితే మా దగ్గర ఎవరూ నమ్మరు.

ఆ రోజు ఏం జరిగింది బావా? నాకు చెప్పనక్కర్లేదు. చెప్పాలనిపిస్తే చెప్పు.

యోహాన్


భీమిలి,
మే 24

యోహాన్,

మోటారు ఆగలేదు.

మా పడవలో ముందు నిలబడి దారి చెప్పేది నేను. వెనక మోటారు పట్టుకునేది నాగబాబు, మా గంగాలమ్మ తమ్ముడు. ఆ రోజు పడవ నిండా చేపలు. నేను పాట పాడుతూ ఉన్నాను. సెప్టెంబరు గాలివానకి ఆ తాడిచెట్టు పడిపోయింది. పడిపోయిందని నాకు తెలుసు. దాని మోడు మీద కూర్చుని నేనే బీడీ కాల్చాను. అయినా మొగ దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు అలవాటు కొద్దీ తాడిచెట్టు కోసం వెతికి, ఉత్తరాన ఉన్న ఇంకో తాడిచెట్టుని కొండకి కలిపేశాయి. "నేరుగా పోనీ" అన్నాను. నాగబాబు పోనిచ్చాడు. మేట తగిలింది. పక్కనుంచి కెరటం కొట్టింది.

నాగబాబుకి భుజం ఎముక విరిగింది. ఒడ్డున అందరూ చుట్టూ చేరి ఏమైందన్నారు. నా నోట్లోంచి మోటారు ఆగిందని వచ్చేసింది. అంతే, ఆ మాట ఊరంతా పాకింది. మోటారు చూసుకునేది నాగబాబు కాబట్టి తప్పు వాడిదైంది. ఇప్పుడు వాణ్ణి ఎవరూ పడవెక్కనివ్వడం లేదు. విశాఖ హార్బర్‌లో ఐసు పెట్టెలు మోస్తున్నాడు, ఆ భుజంతో.

నాకు నీళ్లంటే భయం లేదు బావా. మళ్లీ ముందు నిలబడి "నేరుగా పోనీ" అనాలంటే భయం. అది పదికి పది.

సింహాద్రి


ఉక్కునగరం,
జూన్ 2

సింహాద్రి బావకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి జేబులో పెట్టుకుని సన్మానానికి వెళ్లాను.

మైకు ఇచ్చారు. మూడొందల ముఖాలు. ఎప్పటిలాగే నోరు పెగల్లేదు. పచ్చలైటుని ఊహించుకున్నాను, అది కూడా రాలేదు. అప్పుడు నీ రెండు గుర్తులు గుర్తొచ్చాయి. ఎడమవైపు మొదటి వరసలో ప్రేమలీల. కుడివైపు చివర గోడకి ఆనుకుని గురునాథరావు, ఇరవై ఏళ్లు కింద నిలబడి నాకు చెయ్యి ఊపిన సిగ్నల్‌మాన్. మిగతా వాళ్లందరినీ వదిలేసి ఈవిణ్ణి ఒకసారి, ఆయన్ని ఒకసారి చూశాను. ఈ ఇద్దరి మధ్యే కదా నేను ఉన్నది అనిపించింది. మాట వచ్చింది. "నేను పైన కూర్చున్నానని మీరంతా నన్ను చూస్తారు. నాకు మాత్రం ఎప్పుడూ కింద ఒక చెయ్యే కనబడేది. ఆ చెయ్యి నన్నెప్పుడూ తప్పు దారి పట్టించలేదు" అన్నాను. గురునాథరావు ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. అలవాటు కొద్దీ చివర ఆమెన్ అన్నాను. చప్పట్లు కొట్టారు.

గురునాథరావు ఒక్కసారి కూడా తప్పు చెయ్యి ఊపలేదని కాదు బావా. రెండుసార్లు ఊపాడు. రెండుసార్లూ వెంటనే "నాదే తప్పు" అని కిందనుంచి అరిచాడు. అందుకే మూడోసారి కూడా నేను ఆయన చేతినే నమ్మాను.

నాగబాబుకి చెప్పు. నేను ఫెబాకి మన ఉత్తరాల సంగతి చెప్పేశాను, మోటారు ఆగలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె రాసిన జవాబు ఇందులో పెడుతున్నాను.

యోహాన్


విశాఖపట్నం,
జూన్ 1

యోహాన్ అంకుల్‌కి, సింహాద్రి బాబాయ్‌కి,

మీ ఇద్దరినీ నా పరిశోధనలోంచి తీసేశాను. కోపంతో కాదు. కొంచెం కోపంతోనే.

రెండు రకాలుంటాయని, ఎవరికి ఏది వస్తుందో చీటీ తీసి నిర్ణయిస్తామని మీరు సంతకం పెట్టిన కాగితం మూడో పేరాలో ఉంది. చుక్క తక్కువ, లైటు ఎక్కువ కాదు బాబాయ్. మనిషికి మేలు చేసేది కళ్ల కదలికేనా, లేక భయాన్ని తలుచుకుని ఇంకొకరికి చెప్పుకోవడమా అన్నది తేలాలంటే, కొందరు కళ్లు కదపకుండా చెప్పాలి. మీరు కదలకూడని చోట కదిపారు. అంకుల్ కదపాల్సిన చోట టీ ఒలకబోశారు. పైగా ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇప్పుడు మీకు తగ్గిందంటే దేనివల్ల తగ్గిందో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

కళ్లు కదిపితే పనిచేస్తుందా అని అంకుల్ అడిగారు. అందరి లెక్కలూ చూశాక చెబుతాను. తెలియకుండా తెలుసని చెప్పను.

ఒక్క విషయం. మోటారు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ బాబాయ్ గొంతు మారిపోయేది. అది నేను రాసుకున్నాను, అడగలేదు. పరిశోధన లేకపోయినా నా గది తలుపు మీకు తెరిచే ఉంటుంది. టీ మాత్రం ఇవ్వను.

ఫెబా


భీమిలి,
జూన్ 9

యోహాన్ బావకి,

హార్బర్‌కి వెళ్లాను. నాగబాబు ఐసు పెట్టె దించి, నన్ను చూసి మొహం తుడుచుకున్నాడు. బస్సులో కూడబలుక్కున్నదంతా మరిచిపోయి, "మోటారు ఆగలేదురా" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసి, "నాకు తెల్దేటి బావా? మోటారు మీద సెయ్యేసుకుని కూకున్నది నాను. ఆకరిదాకా ఆడతానే ఉంది" అన్నాడు.

ఇన్నాళ్లూ ఈ సంగతి ఎలా తట్టలేదో చూడు. ప్రపంచంలో నేను ఎవరి దగ్గరైతే దాచానో వాడొక్కడికే మొదటి నుంచీ తెలుసు. "మరెందుకు సెప్పలేదురా ఎవులికీ?" అన్నాను.

"నువ్వు సెప్తావని సూసినాను. ఎనిమిది నెల్లు సూసినాను. ఈ పదేను దాటితే అప్పుడొచ్చి నడివీధిలో తిట్టేవోణ్ని" అన్నాడు. అని, నిజంగానే అక్కడే తిట్టాడు. ఐసు మోసేవాళ్లందరూ ఆగి విన్నారు. స్పీకరు అక్కర్లేకపోయింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంతా అయ్యాక టీ ఇప్పించాడు.

ఊళ్లో కూడా చెప్పేశాను. గంగాలమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నువ్వెప్పుడైనా విన్నావా, గంగాలమ్మ రెండు రోజులు మాట్లాడకపోవడం?

నాగబాబు పదిహేనున మోటారు పడతానన్నాడు. ముందు నిలబడేది నువ్వేనన్నాడు. వెళ్లడం పర్లేదు బావా. తిరిగి వచ్చేటప్పుడు ఆ తాడిచెట్టు ఉండదు. నా కళ్లు మళ్లీ ఉత్తరం వైపు పోతాయేమోనని భయం. పదికి తొమ్మిది.

సింహాద్రి


కూర్మన్నపాలెం,
జూన్ 12

సింహాద్రి బావకి,

క్వార్టరు ఖాళీ చేశాం. ఇక ఇదే మా చిరునామా. పని లేక ప్రేమలీల వెనకాల తిరుగుతుంటే, "ఎవరికైనా పనికొచ్చే చోటికి ఎల్లండి" అంది.

పదిహేనో తారీకు పొద్దున్న ఏడింటి నుంచి ఆ తాడిమోడు మీద నేను నిలబడి ఉంటాను. తలకి పచ్చటి హెల్మెట్, రెండు చేతులకీ ఎర్రగుడ్డ. చర్చికి ఆ ఆదివారం సెలవు, పాస్టరు గారికి చెప్పాను.

నా చెయ్యి ఎటు పోతే పడవ అటు జరపమను నాగబాబుని. కుడి, ఎడమ అని పేర్లు పెట్టకు. నా కుడి నీకు ఎడమ అవుతుంది, ముప్పై నాలుగేళ్లు ఆ గొడవతోనే గడిచింది. రెండు చేతులూ పైకెత్తితే ఆగు. రెండూ దించితే నేరుగా రా.

నేను తప్పు ఊపితే నాదే తప్పని అరుస్తాను.

యోహాన్


భీమిలి,
జూన్ 16

యోహాన్ బావకి,

నిన్నంతా కలిసే ఉన్నాం, కడుపునిండా తిన్నాం, ప్రేమలీల చెల్లెమ్మకి చేపలు కూడా పంపాను. అయినా ఉత్తరం ఎందుకంటే, నువ్వు ఒడ్డున ఉన్నావు. పడవలోంచి ఎలా ఉందో నీకు తెలియదు.

తెల్లవారాక వల లాగినంతసేపూ బాగానే ఉన్నాను. వెనక్కి తిరిగి కొండ కనబడగానే పడవ అంచు పట్టుకున్నాను. నాగబాబు వెనకనుంచి, "పదికి ఎంత బావా?" అని అరిచాడు. గంగాలమ్మ వాడికి అంతా చెప్పేసింది. ఎనిమిదిరా అన్నాను. "నాది తొమ్మిది. నీకంటే నాను ధైర్నంగా ఉండాలేటి, ముందు నిలబడ్డది నువ్వు" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది.

మొగ దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు ఉత్తరం వైపు పోయాయి బావా. పోతాయని నీకు రాశాను కదా, పోయాయి. ఆ తాడిచెట్టు దగ్గరికే పోయాయి. అంతలో పక్కన ఎర్రగా ఏదో కదిలింది. నీ చెయ్యి. అటు ఊపావు. కళ్లు దాని వెంట వచ్చాయి. మరీ ఎక్కువ వచ్చానేమో, ఇటు ఊపావు. మళ్లీ వచ్చాయి. అటు, ఇటు, అటు, ఇటు. నీ పచ్చ హెల్మెటు మెల్లగా జరిగి జరిగి, సరిగ్గా కొండ కొన కిందికి వచ్చింది. అప్పుడు నువ్వు రెండు చేతులూ దించావు.

ఆ అమ్మాయి నాకు చుక్క ఇచ్చింది గానీ, చివరికి నా వంతు లైటు నాకు అందింది బావా.

నేను వెనక్కి తిరగలేదు. "నేరుగా పోనీ" అన్నాను. గొంతు వణికిందని నాగబాబు అంటున్నాడు. వణికే ఉంటుంది. వాడు ఒక్క క్షణం కూడా ఆగకుండా పోనిచ్చాడు.

ఫెబాకి ఒక మాట రాయి. లెక్కలో మనం లేకపోయినా రాసుకోమను. సింహాద్రి, జూన్ పదిహేను, మొగ దాటుతుండగా, పదికి ఆరు. ఆరుతోనే దాటాడు.

రేపు కూడా వెళుతున్నాం. నువ్వు రానక్కర్లేదు, నీ హెల్మెటు మాత్రం మోడు మీద మేకు కొట్టి ఉంచేశాం. తిరిగి అడగకు.

నీ
సింహాద్రి